గోరింటాకు పెడితే తెల్లజుట్టు నారింజ రంగుకొచ్చింది: ఏం చేయాలి?

అక్కా, కావలిలో పెళ్లి పది రోజుల్లో ఉందనీ, గోరింటాకు పెడితే నెరిసిన వెంట్రుకలు నారింజ రంగుకొచ్చాయనీ రాశారు. కంగారు పడకండి, సగం పని అయిపోయింది. గోరింటాకు ఇచ్చే రంగే అది. దానిమీద నీలి ఆకు పొడి (ఇండిగో పౌడర్) పడితేనే నలుపొస్తుంది.

ఒకప్పుడు మన నెల్లూరు జిల్లాలో పండిన నీలిమందు మొక్క ఆకు పొడే ఇది. భుజాల దాకా జుట్టుకు 100 గ్రాములు చాలు. గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి పెరుగులా కలపండి. నిమ్మరసం వద్దు. గోరింటాకులా రాత్రంతా నానబెట్టకూడదు. పది పదిహేను నిమిషాల్లో పచ్చటి ముద్ద పైన నీలి పొర కడుతుంది, అప్పుడే పెట్టేయాలి. ఆలస్యమైతే పట్టదు. కణతల దగ్గర మందంగా పెట్టి, తలకు కవరు చుట్టి గంటన్నర ఉంచండి. తర్వాత ఉత్త నీళ్లతోనే కడగండి, రెండు రోజులు షాంపూ వద్దు. మొదట ఆకుపచ్చగా కనిపించినా ఆ రెండు రోజుల్లో ముదురుతుంది. మా అమ్మకు ఒంగోల్లో నేనే పెడతాను, రెండోసారికి గానీ కణతలు నల్లబడవు.

అరగంటలో నలుపొస్తుందనే 'నల్ల మెహందీ' పొట్లం మాత్రం కొనొద్దక్కా. చాలావాటిలో పీపీడీ అనే రసాయన రంగు ఉంటుంది, అది కొందరికి పడదు. అలాంటిదొకటి పెట్టుకుని మా పిన్నికి నుదురంతా వాచి, కళ్లు తెరవలేకపోయింది. పొట్లం వెనక పదార్థాలు చదవండి, ఆకు పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఆకు పొడైనా సరే, ముందు మోచేతి మడతలో కొంచెం పూసి రెండు రోజులు చూడండి. పది రోజులున్నాయి కదా, ఈరోజే పూయండి.