వృత్తలేఖిని పక్కన పెట్టేయొచ్చా?

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలతో త్రిభుజానికి పరివృత్తం (మూడు శీర్షాల గుండా పోయే వృత్తం) గీయిస్తే పీరియడంతా పడుతోంది. అయినా సగం మంది వృత్తాలు మూడో శీర్షం గుండా పోవు. బొమ్మలు గీసే గణిత సాఫ్ట్‌వేర్ జియోజీబ్రాలో రెండు నిమిషాల పని. ఇంకా వృత్తలేఖిని అవసరమా?
– గణిత ఉపాధ్యాయిని

జవాబు: అవసరమేనండీ. ముందు వృత్తం ఎందుకు తప్పుతోందో చూద్దాం. భుజాన్ని సరిగ్గా మధ్యలో లంబంగా ఖండించే లంబ సమద్విఖండన రేఖలు కలిసే చోటే పరివృత్త కేంద్రం. ఆ రేఖ గీయడానికి వ్యాసార్ధం భుజంలో ‘సగం కంటే ఎక్కువ’ ఉండాలని చెబుతాం కదా, 8 సెం.మీ. భుజానికి పిల్లలు 4.2 తీసుకుంటారు. చాపాలు ఖండించుకునే బిందువుల మధ్య అప్పుడు రెండున్నర సెం.మీ. దూరమే ఉంటుంది. స్కేలు ఒక బిందువు దగ్గర అర మి.మీ. పక్కకు జరిగితే చాలు, రేఖ డిగ్రీకి పైగా వాలుతుంది. 6 సెం.మీ. తీసుకోమనండి. ఆ దూరం దాదాపు 9 సెం.మీ. అవుతుంది, వాలు మూడో వంతు కంటే తగ్గుతుంది.

రెండోది, వదులైన మర. మొదటి చాపానికీ రెండో చాపానికీ మధ్య వ్యాసార్ధం 6 నుంచి 5.9 సెం.మీ.కు జారితే రేఖ మధ్యబిందువు నుంచి ముప్పావు మి.మీ. తప్పుకుంటుంది. మర బిగించి, పెన్సిల్ మొనను సూదితో సమానంగా అమర్చి, సన్నగా చెక్కించండి. గీశాక రేఖ 4 సెం.మీ. గుర్తు మీదుగా పోతోందో లేదో పిల్లలే చూసుకోవాలి.

ఇంత కష్టం ఎందుకంటే, తెరమీద బటన్ నొక్కితే రేఖ వస్తుంది గానీ ఆ రేఖమీది ప్రతి బిందువూ రెండు చివరలకూ సమదూరంలో ఉంటుందన్న సంగతి బటన్ చెప్పదు. వ్యాసార్ధం మార్చకుండా రెండు వైపులా చాపాలు గీసిన పిల్లలకు ఆ సమదూరం చేతికే తెలుస్తుంది. పరివృత్త కేంద్రం ఎందుకు కేంద్రమైందో చెప్పేది అదే.

కాగితంమీద ఒకటి రెండు త్రిభుజాలు పూర్తయ్యాక జియోజీబ్రా తెరవండి. శీర్షాన్ని లాగేముందు కేంద్రం ఎటు పోతుందో పుస్తకంలో రాయించండి, ఈ మెట్టు మాత్రం వదలకండి. అల్పకోణ త్రిభుజంలో లోపలున్న కేంద్రం, లంబకోణం రాగానే కర్ణం మధ్యకు చేరి, అధికకోణం కాగానే బయటికి వెళ్లడం కాగితం చూపలేని దృశ్యం.

ప్రశ్న: జియోజీబ్రాలో నేను గీసిన చతురస్రం, మూల పట్టి లాగగానే చెదిరిపోతోంది.

జవాబు: నాలుగు బిందువులూ కంటి అంచనాతో పెట్టి ఉంటారు. భుజం ఒక్కటే గీయండి. రెండు చివరలా లంబరేఖలు, ప్రతి చివర కేంద్రంగా రెండో చివర గుండా వృత్తం గీయండి. లంబరేఖల్ని వృత్తాలు ఒకే వైపు ఖండించే చోట్లే మిగతా మూలలు. ఇక ఎంత లాగినా చతురస్రమే.

ప్రశ్న: త్రిభుజంలో 50° కోణం 310° అని వస్తోంది. ఒక్కోసారి మూడు కోణాల మొత్తం 181° అవుతోంది.

జవాబు: మొదటిది బిందువుల్ని నొక్కిన క్రమం వల్ల. కోణాన్ని అపసవ్య దిశలో కొలుస్తుంది కాబట్టి క్రమం తిప్పి నొక్కండి, శీర్షం మాత్రం మధ్యలోనే. రెండోది సవరింపు వల్ల: 45.6, 67.7, 66.7 కలిస్తే సరిగ్గా 180. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 46, 68, 67 అయి 181 వస్తుంది. రౌండింగ్‌ను ఒకటి రెండు దశాంశాలకు పెంచండి. కానీ ముందు ఆ 181ని పిల్లలకే చూపించి, కారణం వెతకమనండి.