అంటార్కిటికా బాక్టీరియాను ఎలా భద్రపరుస్తారు? ఇతర ప్రయోగశాలలకు ఎలా పంపుతారు?

చలిలో పుట్టినవే కదా, ఫ్రీజరులో పడేస్తే సరిపోతుందనిపిస్తుంది. అలా చేస్తే చాలా కణాలు చచ్చిపోతాయి. వాటికి చలి శత్రువు కాదు. నీరు మంచు స్ఫటికాలుగా మారి కణపొరను చీల్చడమే ప్రమాదం. అందుకే ముందు బాక్టీరియాను 4 నుంచి 15 డిగ్రీల మధ్య ఓపికగా పెంచి, మంచు స్ఫటికాల నుంచి కాపాడే గ్లిసరాల్ అనే చిక్కటి ద్రవాన్ని సుమారు 20 శాతం కలిపి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులోనో మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోనో ఉంచుతారు.

పంపేటప్పుడే అసలు చిక్కు. చలిని మాత్రమే ఇష్టపడే రకాలకు మన గది వేడిమి కూడా ప్రాణాంతకమే. వీలైనవాటిని వెన్న తీసిన పాలలో కలిపి, గడ్డకట్టించి, శూన్యంలో నీటిని లాగేసి పొడి చేసి గాజు గొట్టంలో మూసేస్తారు (పాలు ఇక్కడ రక్షణ కవచం!). ఆ పద్ధతిని తట్టుకోలేనివి డ్రై ఐస్‌లో (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో) ప్రయాణిస్తాయి.

మన దేశంలో ఇలా బాక్టీరియాను భద్రపరిచే భాండాగారాల్లో ఒకటి చండీగఢ్‌లోని ఎంటీసీసీ (మైక్రోబియల్ టైప్ కల్చర్ కలెక్షన్). హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అంటార్కిటికా నమూనాల్లో గుర్తించిన కొన్ని కొత్త జాతులు అక్కడ ఉన్నాయి. అసలు కొత్త బాక్టీరియా జాతి పేరు చెల్లాలంటే, దాని నమూనాను రెండు వేర్వేరు దేశాల భాండాగారాల్లో అందుబాటులో ఉంచాలి.