ఇంటి నంబర్ రోడ్డు మీదికి కనబడాలంటే ఎట్ల?

ప్రశ్న: నమస్తే సార్, మాది నల్గొండ రామగిరి. మొన్న రాత్రి మా మామయ్యకు ఛాతీల నొప్పి వస్తే 108కి ఫోన్ చేసినం, బండి మా గల్లీలకే వచ్చి ఇల్లు దొరకక అటూ ఇటూ తిరిగింది. గేటు మీద ఇత్తడి నంబర్ ప్లేట్ ఉంది, అయినా డ్రైవర్‌కు కనబడలే. ఏం చెయ్యాలె?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ముందు మీ మామయ్య ఆరోగ్యం బాగుండాలమ్మా. తప్పు డ్రైవర్‌ది గాదు, ఆ ప్లేట్‌దే. మన దగ్గర గోడ మీద ఇంటి పేరు ఇంత పెద్దగ చెక్కిస్తరు, నంబర్ మాత్రం మూలకు వేలెడంత ఉంటది, అదీ గ్రానైట్ మీద బంగారు రంగుల, లైటు పడితే రెండూ మెరిసి ఏదీ చదవరాదు. మెరుపు కాదు, రంగుల తేడా ముఖ్యం, నల్లటి దాని మీద తెలుపు గాని తెలుపు మీద నలుపు గాని ఉండాలె. సైజుకు మోటు లెక్క ఏందంటే పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు, అంటే రోడ్డు అవతలి అంచు 40 అడుగులుంటే 4 అంగుళాల అంకె. అమెరికాల చాలా ఊర్లు పాటించే ఫైర్ కోడ్ కూడ కనీసం 4 అంగుళాలు, గీత మందం అర అంగుళం అంటది.

ప్లేట్ గేటు రెక్కకు వద్దు, గేటు తెరిస్తే నంబర్ లోపలికి తిరుగుతది. పిల్లర్‌కు పెట్టండి, మధుమాలతి తీగ, మామిడి తోరణం, గుమ్మడికాయ అడ్డం రాకుండ చూడండి, దసరాకు సున్నం వేసేటోళ్లకు కూడ నంబర్ మీద బ్రష్ పెట్టొద్దని చెప్పండి. బండి గల్లీల పక్క నుంచి వస్తది గనక గోడకు అతికించిన ప్లేట్ దాటిపోయినంక గాని కనబడదు, అందుకే గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చేటట్టు రెండు దిక్కులా రాసిన చిన్న ప్లేట్ మేలు. బండ్ల నంబర్ ప్లేట్లు చేసే షాపుల రేడియం స్టిక్కర్‌తో కట్ చేసి ఇస్తరు, హెడ్‌లైట్ పడంగనే వెలుగుతది, కరెంటు పోయినా పనిచేస్తది. మీ నంబర్‌ల 5-7-212/1/బి లాగ బైలు (అడ్డగీతలు) ఉంటే మొత్తం రాయండి గాని చివరి భాగం పెద్దగ రాయండి, గల్లీల ఇండ్లను విడదీసేది అదే. ఇల్లు సందు లోపల ఉంటే సందు మొదట్ల కూడ బాణం గుర్తుతో ఒక ప్లేట్ పెట్టాలె.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ శివార్ల కొత్త వెంచర్, గేటు మీద ప్లాట్ నంబరే ఉంది, ఇంటి నంబర్ పెట్టకపోతే ఏమైతది?

జవాబు: కొరియర్ పిల్లగాడు ఒక నంబర్ వెతుకుతడు, మీ గోడ మీద ఇంకోటి ఉంటది, అంతే. ఇంటి పన్ను రసీదుల ఉన్న నంబరే పెద్దగ రాయించి, దాని కింద ప్లాట్ నంబర్‌ను, ముందు "ప్లాట్" అని రాసి, చిన్నగ పెట్టండి. తపాలా శాఖ 2025ల తెచ్చిన డిజిపిన్ అని జాగ ఎక్కడుందో చెప్పే పది అక్షరాల (అంకెలు కలిపి) కోడ్ ఉంది, నేల మీద దాదాపు నాలుగు మీటర్ల గడికి ఒకటి, అది కూడ తెలుసుకొని ఫోన్‌ల పెట్టుకోండి, కాని గేటు దగ్గర మనిషి చదివేది నంబరే.