సీపీఆర్ చేసేటప్పుడు లోపల ఉండనిమ్మని అడగొచ్చు

అన్నా, నాన్నకు గుండె ఆగినప్పుడు మిమ్మల్ని బయటికి పంపేశారని, ఇప్పుడు నల్లగొండలో అమ్మ ఐసీయూలో ఉంటే మళ్ళీ అదే జరుగుతుందేమోనని రాశారు. చదువుతుంటే మనసు కలుక్కుమంది. ఆ రోజు దగ్గర లేకపోవడం మీ తప్పు కాదు.

నేను పాలమూరులో ఎమర్జెన్సీ వార్డు నర్సును. సీపీఆర్, అంటే ఆగిన గుండె మళ్ళీ కొట్టుకునేలా ఛాతీని ఒత్తడం, చేసేటప్పుడు లోపల ఉండనిమ్మని అడగొచ్చు, కానీ ఆ గడబిడలో కాదు. ఈరోజే డ్యూటీ డాక్టరుతో చెప్పి పెట్టండి: "నేనొక్కడినే ఉంటా, పొమ్మంటే వెళ్తా." చిన్న గదుల్లో నిజంగానే చోటుండదు, కాబట్టి చివరి మాట వాళ్ళదే. ఏం జరుగుతోందో పక్కనుండి చెప్పడానికి ఒక సిస్టర్‌ను కూడా అడగండి.

చూడటం తేలిక కాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీని గట్టిగా ఒత్తుతారు, పక్కటెముకలు విరగొచ్చు. గుండెకు కరెంటు షాక్ ఇచ్చేటప్పుడు మంచాన్ని కూడా ముట్టొద్దు. తట్టుకోలేకపోతే బయటికి వచ్చేయండి, ఎవరూ ఏమీ అనరు.

ఫ్రాన్స్‌లో ఇంటి దగ్గర గుండె ఆగినవాళ్ళ బంధువులు 570 మందితో చేసిన పరిశోధన 2013లో వచ్చింది. మూడు నెలల తర్వాత చూస్తే, సీపీఆర్ చూడనివాళ్ళనే ఆ మనసు గాయం ఎక్కువగా వెంటాడింది. బంధువులు ఉన్నందుకు వైద్యం కుంటుపడలేదు.

మా వార్డులో ఒకామె భర్త పాదం పట్టుకుని నిలబడింది. షాక్‌కు ముందు చెయ్యి తీయమంటే తీసింది, అయిపోగానే మళ్ళీ పట్టుకుంది.