చేలో నాచు మీద పీహెచ్‌డీ ఎందుకండీ?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. నాలుగెకరాల వరి సాగు. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది చదువుతోంది. ఎమ్మెస్సీ తర్వాత సయనోబాక్టీరియా మీద పరిశోధన చేస్తానంటోంది. అదేమిటని అడిగితే మన చేలో పట్టే నాచేనంటుంది. దానికి ఉద్యోగం వస్తుందా? బీఈడీ చేయిస్తే నయం కదా అని మా ఆవిడ టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండీ. అమ్మాయి చెప్పింది చాలావరకు నిజమే. చేలో కనపడే నాచంతా అది కాదు గానీ, నీలి ఆకుపచ్చ నాచు అని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది మాత్రం సయనోబాక్టీరియానే. మీరు ఎప్పుడైనా మడిలో అజొల్లా అనే నీటి మొక్కను వేసి ఉంటే దాంతో మీకు పాత పరిచయమే. అజొల్లా ఆకు లోపల కాపురం ఉండి గాలిలోని నత్రజనిని పట్టేది అదే. ఎరువు వేయకపోయినా వరి మళ్లలో సారం ఎలా నిలుస్తోందో వెతుకుతూ పి.కె. డే అనే శాస్త్రవేత్త ఈ నాచు దగ్గరికి చేరారు. ఆ పరిశోధన 1939లోనే అచ్చయింది.

దీనిలో ఒక చిక్కుముడి ఉంది. బహుశా మీ అమ్మాయిని పట్టుకున్నది అదే. నత్రజనిని పట్టే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. ఈ జీవేమో ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. మరి రెండూ ఒకేచోట ఎలా? అనబీనా అనే రకంలో కణాలు పూసల దండలా ఉంటాయి. సుమారు పది పూసలకు ఒకటి గోడ మందం చేసుకుని, ఆక్సిజన్ తయారీ మానేసి, నత్రజని పని ఒక్కటే చేస్తుంది. పక్క పూసలు దానికి తిండి పెడతాయి. ఫలానా పూసే ఎందుకు మారాలి, ఎవరు చెబుతారు అన్నదాని మీద జీవితాలు గడిపిన శాస్త్రవేత్తలున్నారు.

ఇక ఉద్యోగం సంగతి. కంపెనీల ప్రకటనల్లో సయనోబాక్టీరియా అన్న మాట మీకు దాదాపు కనపడదు. ఆ పేరు చూసి చేరితే నిరాశే. కానీ ఆ పరిశోధనలో చేతికొచ్చే పనులకు ఉద్యోగాలున్నాయి. సూక్ష్మజీవులను శుభ్రంగా పెంచడం, డీఎన్‌ఏ చదవడం, ఆ డేటాను కంప్యూటర్‌లో విశ్లేషించడం, పెద్ద ట్యాంకుల్లో పెంపకం నడపడం వచ్చినవాళ్లు వ్యాక్సిన్, ఎంజైమ్, జీవన ఎరువుల కంపెనీల్లో పనికొస్తారు. నీటి పరీక్షల ల్యాబులు మరో దారి. 2014లో అమెరికాలోని టొలీడో నగరానికి నీళ్లిచ్చే ఈరీ సరస్సులో ఈ నాచు విషం చేరి, 4 లక్షల మందికి పైగా కుళాయి నీళ్లు తాగొద్దని చెప్పాల్సి వచ్చింది. హుస్సేన్ సాగర్ పచ్చగా మారడం మనమూ చూస్తున్నదే.

పోషకాహారంగా పొడి చేసి అమ్మే స్పైరులినా గురించి కూడా మీ చెవిన పడే ఉంటుంది. అదీ ఈ కుటుంబమే. దాని నీలి రంగును తినే పదార్థాల్లో వాడటానికి అమెరికా 2013లో అనుమతించింది కాబట్టి పరిశ్రమ ఉన్నమాట నిజం. అయితే ట్యాంకులు కట్టిస్తాం, పొడి మేమే కొంటాం అంటూ ఎవరైనా వస్తే మాత్రం అమ్మాయి చదువు సాకుతో డబ్బు పెట్టకండి. అది వేరే లెక్క.

పరిశోధన ఎక్కడ జరుగుతుందంటే, తిరుచిరాపల్లి భారతీదాసన్ విశ్వవిద్యాలయంలో సముద్రపు రకాలకే ఒక జాతీయ కేంద్రం ఉంది. ఢిల్లీ పూసా సంస్థలో వ్యవసాయానికి పనికొచ్చే రకాల సేకరణ ఉంది. ఐఐటీ బొంబాయి వాళ్లు తమ పక్కనున్న పొవాయ్ చెరువులోనే రెండుంబావు గంటలకోసారి రెట్టింపయ్యే రకాన్ని పట్టుకుని 2018లో ప్రకటించారు. ల్యాబుల్లో మామూలుగా వాడే రకాలకు అంతకు కొన్ని రెట్ల సమయం పడుతుంది. అలాంటివి వెతకడానికి కొల్లేరు మీకెంత దూరం?

ఇప్పుడు నా షరతు. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలి. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె వేరు. అంటే మీ జేబులోంచి తీయనక్కర్లేదు. జేఆర్‌ఎఫ్ గానీ, మరో ఫెలోషిప్ గానీ లేకుండా సొంత డబ్బుతో పీహెచ్‌డీలో చేరతానంటే నేనైతే ఒప్పుకోను. నాలుగుసార్లు రాసినా రాకపోతే అప్పుడు బీఈడీ ఉండనే ఉంది, ఎమ్మెస్సీ తర్వాతా చేయవచ్చు. ముందు బీఈడీ చేసి టీచరై మళ్లీ ల్యాబుకు వెళ్లడమే కష్టం.

పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. ముగిసేసరికి అమ్మాయికి 28 దాటవచ్చు. పెళ్లి మాట మీరు రాయలేదు గానీ, మనసులో ఉంటే ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. మధ్యలో తెస్తే రెండూ చెడతాయి.

అన్నింటికంటే ముందు, తనకు ఈ పని పడుతుందో లేదో తేలాలి. మూడు వారాలు ల్యాబులో కష్టపడి పెంచిన నాచులో (కల్చర్ అంటారు) వేరే బాక్టీరియా దూరితే మళ్లీ మొదటికి రావాలి. నాచు జిగురులో అవి దాక్కుంటాయి కాబట్టి ఇందులో ఆ బాధ మరీ ఎక్కువ. మూడు జాతీయ సైన్స్ అకాడెమీలు కలిసి ఏటా విద్యార్థులకు వేసవిలో రెండు నెలల ఫెలోషిప్ ఇస్తాయి. దానికి దరఖాస్తు చేయించండి. అక్కడ అలాంటి దెబ్బ ఒకటి తిని వచ్చాక కూడా ఇదే మాట అంటే మీరు అడ్డు చెప్పకండి.

ఈలోపు మీ చేలో నీళ్లు కాస్త సీసాలో పట్టి కాలేజీకి తీసుకెళ్లమనండి. మైక్రోస్కోప్ కింద పూసల దండలో ఆ తేడా పూస దొరికితే ఫోటో తీసి మీకు చూపించమనండి.