తినవచ్చా అని అడిగితే నవ్వకు

చిరంజీవి బుజ్జికి,

మీ పెద్దమ్మ ఆశీస్సులు. కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియంలో నిన్ను వాలంటీరుగా తీసుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. పదకొండేళ్ళు శనివారాలన్నీ అక్కడే గడిపినదాన్ని. మోకాళ్ళు మొరాయించాయి గానీ, లేకపోతే ఈపాటికి నీ పక్కనే నిలబడి ఉండేదాన్ని. చేపల పేర్లూ లెక్కలూ శిక్షణలో వాళ్ళే నేర్పుతారు. వచ్చే మనుషుల సంగతి నేను రాస్తాను.

మనవాళ్ళు చాలామంది వస్తారు. ముఖ్యంగా వేసవిలో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని. పెద్ద అద్దం వెనక కవళ్ళ (సార్డీన్ చేపల) గుంపు ఒక్కసారిగా మలుపు తిరిగితే వెండి పళ్ళెం బోర్లించినట్టుంటుంది. అందరూ నోళ్ళు తెరిచి చూస్తున్నప్పుడు వెనక నుంచి ఒక పెద్దావిడ గొంతు వినపడుతుంది. "ఇవి కవళ్ళే కదూ? తినవచ్చా?" కొడుకు ముఖం కందిపోతుంది. కోడలు ఫోను తీసి చూసుకుంటుంది.

నువ్వు మాత్రం నవ్వకు. ఆ రోజంతటికీ అంత మంచి ప్రశ్న మళ్ళీ రాకపోవచ్చు.

మొదటి ఏడాది నేనేం చేశానో విను. "అమ్మా, ఇవి చూడటానికే, తినడానికి కాదు" అని మొదలుపెట్టి, ప్లాస్టిక్ నుంచి సముద్రం వేడెక్కడం దాకా పది నిమిషాలు వాయించాను. కాకినాడలో ఇరవై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పిన నోరు, ఎక్కడ ఆగుతుంది? ఆవిడ మర్యాదగా తల ఊపి, చివరికి "బాత్‌రూమ్ ఎటువైపమ్మా?" అంది. కారులో ఇంటికి వస్తూ డెబ్బై మైళ్ళూ ఆ మాటే తలచుకున్నాను.

తరువాత పద్ధతి మార్చుకున్నాను. "తినవచ్చమ్మా. మీ ఊళ్ళో వీటిని ఎలా వండుతారు?" అని అడిగేదాన్ని. ఇక చూడు, మామిడికాయ వేసిన పులుసు నుంచి ఎండబెట్టిన చేపల వేపుడు దాకా వస్తుంది. పక్కనున్న పంజాబీ ఆవిడ కూడా చెవి వేస్తుంది. ఆ ఊపులో "మనం నిలబడ్డ చోట ఒకప్పుడు చేసిన పని కూడా ఇదేనమ్మా" అని అందుకో. ఈ వీధి పేరే క్యానరీ రో. కవళ్ళను డబ్బాల్లో నింపే కర్మాగారాలు వరసగా ఉండేవి. మన అక్వేరియం ఉన్నది హోవ్‌డెన్ క్యానరీ స్థలంలో. దాని పాత బాయిలర్లు ఇప్పటికీ ముందు భాగంలోనే ఉన్నాయి, వాళ్ళను తీసుకెళ్ళి చూపించు. 1940ల చివరికి కవళ్ళు పడటం తగ్గిపోయింది, తరువాత పదేళ్ళలో దాదాపు కనుమరుగయ్యాయి. ఎడాపెడా పట్టడం ఒక కారణం, సముద్రపు నీటి తీరు మారడం ఇంకొకటి. రెండూ చెప్పు. మత్స్యకారుల మీదే నెపం పెట్టేస్తే కథ సులువవుతుంది గానీ నిజం సగమే మిగులుతుంది. 1973లో హోవ్‌డెన్ మూతపడింది. 1984 అక్టోబరు 20న అదే చోట అక్వేరియం తలుపులు తెరిచారు. కట్టడానికి డబ్బు ఇచ్చింది డేవిడ్, లూసీల్ పాకార్డ్ దంపతులు, 5.5 కోట్ల డాలర్లు. హ్యూలెట్-పాకార్డ్ కంపెనీ పాకార్డ్ అని చెబితే మన సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు అప్పటిదాకా చూస్తున్న ఫోను జేబులో పెడతారు.

ఒకసారి ఉప్పాడ వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు అద్దం ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ట్యూనా ఒకటి కవళ్ళలోకి దూసుకుపోగానే గుంపు రెండుగా చీలి మళ్ళీ అతుక్కుంది. "పైన పక్షులు దిగుతుంటే కింద ఇదన్నమాట జరిగేది. నలభై ఏళ్ళు వల వేశానమ్మా, కింది నుంచి చూడటం ఇదే మొదటిసారి" అన్నారాయన. నేను నోరు మూసుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. అలాంటివాళ్ళు దొరికితే నీకు తెలిసింది చెప్పకు, అడిగి తెలుసుకో.

తినడం గురించి మాట వచ్చాక సీఫుడ్ వాచ్ గురించి చెప్పడం తేలిక. 1999లో మన అక్వేరియం మొదలుపెట్టిన పని అది. ఏ చేపను ఎక్కడ, ఎలా పట్టారో, ఎలా పెంచారో చూసి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు ఇస్తారు. ఇక్కడ నీకొక ముల్లుంది. అమెరికా తినే రొయ్యల్లో పెద్ద వాటా భారతదేశానిది, అందులోనూ ఎక్కువ మన ఆంధ్ర చెరువులదే. భీమవరం నుంచి వచ్చినాయన "మా రొయ్యలకు ఏ రంగు ఇచ్చారు?" అని అడిగే రోజు తప్పక వస్తుంది. జ్ఞాపకం మీద జవాబు చెప్పకు. రంగులు మారుతుంటాయి, ఒకే జాతికి ఒక్కో ప్రాంతంలో ఒక్కో రంగు ఉంటుంది. ఆయన ముందే ఫోనులో జాబితా తెరువు, ఇద్దరూ కలిసి చదవండి. ఎర్రగా కనిపిస్తే ఆయనకు కోపం రావచ్చు. రానీ. మందుల వాడకం, చెరువు నీరు ఎటు వదులుతారు, మేత దేనితో చేస్తారు అని అక్కడ రాసినవన్నీ ఆయనకు నీకంటే బాగా తెలిసిన సంగతులే.

సీ ఆటర్ల దగ్గర నీకు పనే ఉండదు. మన కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కలకు ఇవి దాయాదులు. వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద గవ్వ పెట్టుకుని పగలగొడుతుంటే ఎవరికి నీ మాట కావాలి? ఒళ్ళంతా దువ్వుకోవడం ఎందుకని ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పు. తిమింగలానికున్నట్టు చర్మం కింద కొవ్వు పొర లేదు, ఆ దట్టమైన బొచ్చే దాని కంబళి. రోజూ తన బరువులో నాలుగో వంతు తింటే గానీ చలికి ఆగలేదు. ఆ బొచ్చు కోసమే వేటాడి, కాలిఫోర్నియాలో బిగ్ సర్ తీరాన యాభైకి అటూ ఇటూ మిగిల్చారు. ఇప్పుడు సుమారు 3,000 ఉన్నాయి.

ఇక్కడి సిబ్బంది చేసిన పని ఒకటి నాకు ఎప్పుడు చెప్పినా కొత్తగానే ఉంటుంది. తల్లి లేని పిల్లలు ఒడ్డుకు కొట్టుకొస్తే తెచ్చి పెంచుతారు. మనిషికి అలవాటు పడకూడదని, పెంచేవాళ్ళు నల్లటి ముసుగు అంగీ వేసుకుని, ముఖానికి వెల్డింగ్ పనివాళ్ళు పెట్టుకునే తొడుగు పెట్టుకునేవారు. తరువాత, మళ్ళీ సముద్రంలో బతకలేని పెద్ద ఆడ ఆటర్లకే ఆ పిల్లలను అప్పగించడం మొదలుపెట్టారు. పీతను ఎలా విరవాలో అవే నేర్పుతాయి. అలా పెరిగిన 37 పిల్లలను దగ్గర్లోని ఎల్క్‌హార్న్ స్లూ అనే ఉప్పుటేరులో వదిలారు. 2002 నుంచి 2016 వరకు అక్కడ పెరిగిన ఆటర్ల సంఖ్యలో సగానికి పైగా ఆ పిల్లలూ వాటి సంతానమే. ఆటర్లు పీతలను తినడంతో ఏటి అడుగున సముద్రపు గడ్డి కూడా మళ్ళీ పచ్చబడింది. ఇది చెప్పేటప్పుడు నెమ్మదిగా చెప్పు, పెంపుడు తల్లి అనగానే మనవాళ్ళకు కళ్ళు చెమరుస్తాయి.

ఆ వెంటనే కాలేజీ పిల్ల ఎవరో "ఎంత చేసినా బంధించడమే కదా?" అంటుంది. ఉడుక్కోకు. నాకూ అన్నిటికీ జవాబు లేదు. 2004లో ఒక తెల్ల సొరను 198 రోజులు ఉంచి మళ్ళీ సముద్రంలో వదిలారు. 2011 దాకా అలా మొత్తం ఆరింటిని ఉంచారు. చివరిది వదిలిన కొద్దిసేపటికే చచ్చిపోయింది. ఆ తరువాత ఇక్కడ తెల్ల సొరను పెట్టలేదు. మంచి సగం చెప్పి చెడు సగం మింగకు, ఆ అమ్మాయి ఫోనులో వెతికితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

తాకి చూసే తొట్టి దగ్గర పిల్లలుంటారు. వంగు, వాళ్ళ ఎత్తుకు రా. చేతులు తడిపించు, రెండు వేళ్ళతో మెల్లగా తాకించు. ఒకసారి ఏడేళ్ళ కుర్రాడికి "నక్షత్ర చేపకు ఐదు చేతులు" అని దబాయించి చెప్పాను. వాడు తొట్టిలో ఉన్న బ్యాట్ స్టార్‌ను వేలితో లెక్కపెట్టి "ఆరు" అన్నాడు. నేనూ లెక్కపెట్టాను. ఆరే. ఆ జాతిలో నాలుగు నుంచి తొమ్మిది దాకా ఉండవచ్చని ఇంటికెళ్ళి చదువుకున్నాను. ఆ తరువాత ఎవరికీ ముందు సంఖ్య చెప్పలేదు. "ఎన్నున్నాయో చూసి చెప్పు" అనేదాన్ని. వాళ్ళు లెక్కపెడుతున్నంతసేపూ నువ్వు మాట్లాడకు. ఎంత కష్టమో నీకే తెలుస్తుంది, మన వంశంలో అందరిదీ అదే రోగం.

కాళ్ళు పీకినప్పుడు కెల్ప్ అడవి తొట్టి ముందు కూర్చో. 28 అడుగుల ఎత్తు, పైకప్పు లేదు, ఎండ నేరుగా నీటిలో పడుతుంది. యంత్రం అల పుట్టిస్తుంటే ఆ నాచు కొమ్మలు కొబ్బరి మట్టల్లా ఊగుతాయి. పగలు బయటి నీటిని వడపోసి పంపుతారు, జనానికి స్పష్టంగా కనిపించాలి కదా. రాత్రి వడపోత ఆపేస్తారు. అప్పుడు సముద్రం తనతోపాటు కంటికి కనిపించని పిల్లజీవులనూ ఆహారాన్నీ మోసుకుని తొట్టిలోకి వస్తుంది. గోడలకు అంటుకుని బతికేవాటిలో చాలా వరకు ఎవరూ తెచ్చి పెట్టినవి కావు, అలా వచ్చి స్థిరపడినవే. ఈ సంగతి ఎవరైనా అడిగితేనే చెప్పేదాన్ని. ఎందుకో దాచుకోవాలనిపించేది.

మెత్తటి బూట్లు వేసుకో. గొంతుకు మిరియాల కషాయం సీసాలో పోసుకుని వెళ్ళు. స్వెటర్ మాత్రం మరిచిపోకు, శాన్ హోసేలో ఎండ కాస్తోందని అలాగే వెళ్ళకు. ఆగస్టులో కూడా మాంటెరేలో మధ్యాహ్నం దాకా పొగమంచే.

మొదటి రోజు ఎవరేమడిగారో రాత్రికి ఫోను చేసి చెప్పు. పది దాటినా ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ