హైదరాబాద్ నగరపాలక ఎన్నికల్లో పోలింగ్ శాతం పెంచడం ఎలా?

2020 డిసెంబరు 1న జరిగిన జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో అప్పట్లో 150 డివిజన్లున్న మహానగరంలో పోలింగ్ 46.55 శాతం. 2016లోనూ 45 శాతం చిల్లరే. వెంటనే అందరూ నగరవాసుల బద్ధకాన్ని తిట్టిపోస్తారు. నన్నడిగితే, ముందు చూడాల్సింది ఓటర్ల జాబితా.

నగర ఎన్నికలకు విడిగా ఓటర్లను నమోదు చేయరు. శాసనసభ జాబితానే డివిజన్లవారీగా విడగొడతారు. అద్దె ఇల్లు మారి కూకట్‌పల్లి నుంచి ఉప్పల్ చేరినవారి పేరు పాత చోటే ఉండిపోతుంది. వాళ్లు ఓటేయడానికి అంత దూరం వెళ్లరు, లెక్కలో మాత్రం ఓటు వేయనివారుగా మిగులుతారు. సొంతూళ్లో ఒకటి, నగరంలో ఒకటి ఓటున్నవారి సంగతి సరేసరి. అందుకే చిరునామా మార్పునకు ఫారం-8 నింపించే పని నోటిఫికేషన్‌కు నెలల ముందే, అపార్ట్‌మెంట్ సంఘాల ద్వారా ఇంటింటికీ జరగాలి. పోలింగ్ కేంద్రం చీటీ కూడా చేతికి అందాలి.

తేదీ కూడా ముఖ్యమే. 2020లో కరోనా భయానికి తోడు శని, ఆదివారాలు, సోమవారం కార్తిక పౌర్ణమి, మంగళవారం పోలింగ్ సెలవు వరుసగా వచ్చాయి. ఊరెళ్లమని చెప్పినట్టే కదా!

లాస్ ఏంజెలెస్ ఓటర్లు 2015లో తమ నగర ఎన్నికలను రాష్ట్ర, దేశ ఎన్నికలతో కలపడానికి ఒప్పుకున్నారు. ఆ తర్వాత పోలింగ్ బాగా పెరిగింది. ఇక్కడ అలా కలిపితే శాతం పెరగవచ్చు గానీ, ముఖ్యమంత్రి ఎవరన్న గోలలో నాలా పూడిక, చెత్త బండి గురించి కార్పొరేటర్‌ను అడిగేవారుండరు.